బంతి రాని వైపు

బెంటన్‌విల్‌లో ఉన్న తెలుగువాళ్లందరిలో ఎనభై అయిదు అంగుళాల టీవీని సగం ధరకి ఇంటికి తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను, సిగ్గేమీ లేదు. అది షోరూంలో ప్రదర్శనకి పెట్టిన పీసు. పై అంచున, ఈ చివర నుంచి ఆ చివర దాకా, బెత్తెడు మందాన నల్లటి పట్టీ. మిగతా బొమ్మంతా బంగారం. సేల్స్‌మన్ పాపం ఆ పట్టీ చూపించి సారీ చెప్పబోతుంటే నేను అక్కడే వేలు పెట్టి బేరం మొదలుపెట్టాను. తెనాలిలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చిరిగిన బస్తా చూసి బాధపడే వంశం కాదు మాది. ఆ చిరుగులో వేలు దూర్చి రేటు దించే వంశం. నలభై నిమిషాలు నిలబడ్డాను. రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు తలుపు దాకా నడిచాను. చివరికి వాళ్ల మేనేజరు వచ్చి నా మొహం చూసి, పట్టుకుపో అన్నట్టు చెయ్యి విదిలించాడు.

గోడకి బిగించాక మా ఆవిడ అడిగింది.

"పైన నల్లగా ఉందేంటండీ?"

"అసలు సంగతంతా మధ్యలో జరుగుతుంది. అంచుతో మనకేం పని?" అన్నాను.

ఆ టీవీ సినిమాల కోసం కొన్నది కాదు. ఫుట్‌బాల్ కోసం. కాలితో తన్నే ఆట కాదు, ఇక్కడివాళ్లు చేత్తో విసిరి, ఒకరి మీద ఒకరు పడి ఆడే ఆట. శరదృతువు వచ్చిందంటే శనివారాలన్నీ కాలేజీ జట్లవి. సోమవారం పొద్దున మా క్లయింట్ ఆఫీసులో మొదటి పదిహేను నిమిషాలూ ఆ కబుర్లే. క్లయింట్ మేనేజర్ ఒకావిడ. మాలో మేం మేనేజరమ్మ అనుకునేవాళ్లం. శుక్రవారం ఇక్కడి కాలేజీ జట్టు రంగని ఎర్ర చొక్కా వేసుకుని వచ్చేది, సోమవారం గెలుపో ఓటమో మొహం మీద రాసుకుని వచ్చేది. మాది ఎనిమిది మంది కాంట్రాక్టర్ల టీం. దానికి లీడ్‌ని నేను. ఏటా నవంబర్‌లో మా కాంట్రాక్ట్ రెన్యూ కావాలంటే ఆవిడ సంతకం కావాలి. ఎనిమిది వీసాలు ఆ సంతకం మీద నిలబడి ఉండేవి. అలాంటి మనిషి సోమవారం పొద్దున "నిన్న కాక మొన్న ఆట చూశావా?" అని అడిగితే, "చూశాను, చాలా బాగుంది" అని ఎన్ని వారాలు నెట్టుకొస్తాను? ఒకసారి మా జట్టు చిత్తుగా ఓడిపోయిన వారం కూడా చాలా బాగుందనేశాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మా టీంలో ఆ ఆట తెలిసినవాడు ఒక్కడే. ఆయన గురించే ఇది రాస్తున్నాను. పేరు రాయను. పేరు పైకి వచ్చే చోట్ల రానివ్వనివాణ్ణి, ఇప్పుడు నా రాతకి వాడుకోవడం బాగుండదు.

మొన్న శనివారం మధ్యాహ్నం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా పాత టీంలో శ్రావణి అని వరంగల్ అమ్మాయి ఉండేది, ఆమె పంపింది. ఆయన వెళ్లే తెలుగు చర్చి గ్రూపులో వచ్చిన కబురు. ఆయన ఫొటో, కింద ఒక వాక్యం, ప్రభువు నందు నిద్రించారు అని. ఇర్వింగ్ అనే ఊళ్లో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, సరుకుల సంచీ చేతిలో ఉండగానే గుండె ఆగిందట. టీవీలో ఆట నడుస్తోంది. నేను చాలాసేపు పై అంచు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇది కొత్త టీవీ, పట్టీ ఏమీ లేదు.

ఆయన నరసాపురం వైపు మనిషి. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. ఆఫీసులో నన్ను "మీరు" అనేవాడు, శనివారం మా ఇంటి గుమ్మం దాటగానే "తమ్ముడూ, నువ్వు" అనేవాడు. గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆ "మీరు" కూడా విడిచేవాడేమో. మొదట నేను బేరానికే వెళ్లాను.

"అన్నయ్యా, శనివారం మా ఇంట్లో భోంచెయ్యండి, ఆట నేర్పండి. మీకు భోజనం, నాకు చదువు."

"భోజనం పెడితే భోజనం పెట్టినట్టుండాలి తమ్ముడూ, ఫీజు కట్టినట్టుండకూడదు," అన్నాడు. "వస్తాన్లే."

వచ్చాడు. పేపర్ ప్రకటనని చక్కగా పొట్లం చుట్టి, అందులో వేయించిన వేరుశనక్కాయలు తెచ్చాడు. టీవీ ఎదురుగా ఆగిపోయాడు. ఆట మొదలైంది. ఆయన మెల్లగా మునివేళ్ల మీద లేచాడు. ప్రహరీగోడ అవతల ఎవరున్నారా అని చూసేవాళ్లు ఎలా లేస్తారో అలా. మళ్లీ దిగాడు. మళ్లీ లేచాడు.

"ఇక్కడో మనిషుండాలి కదా, వాడేడీ?"

"ఎవరు?"

"ఆ చివర నిలబడే రిసీవర్. నీ నల్లపట్టీ వెనకాలున్నాడు."

"బంతి ఇక్కడుంది కదా అన్నయ్యా."

"బంతిని అందరూ చూస్తారు," అన్నాడు, కూర్చుంటూ. వేరుశనక్కాయ చిట్లిన చప్పుడు.

ఆయన నేర్పిన ఆట ఇదీ. క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు, విసిరేది వాడు. బంతి వాడి చేతికి అందగానే ఎదుటి జట్టులోని భారీ మనుషులు వాడి మీదికి వస్తారు. వాడికుండేది మూడు సెకన్లు. ఈలోగా నలుగురైదుగురు రిసీవర్లు తలో దారిన పరిగెత్తుతుంటారు, పట్టేది వాళ్లు. మొదటివాడి వైపు చూడాలి. వాడి పక్కన కాపలా ఉంటే రెండోవాడు. అక్కడా ఉంటే తల పూర్తిగా తిప్పి, ఆ చివరనున్న మూడోవాడు. పక్కన ఎవరూ లేకుండా దొరికినవాణ్ణి ఓపెన్ అంటారు. అంతే ఆట. మిగతాదంతా మనుషులు లేవడం, పడటం.

అంతే అంటే అంతే కాదు. ఆయన బంతిని ఎప్పుడూ చూడలేదు. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌ని చూసేవాడు. హెల్మెట్ తిరిగిన ప్రతిసారీ గొంతులో లెక్క. "ఒకటి... రెండు..." మూడు అనే మాట చాలా అరుదుగా వచ్చేది. "చూశావా, తల తిప్పలేదు. ఒక్కడి వైపే చూస్తున్నాడు. మనకి తెలిసిందంటే అవతలివాళ్లకి తెలీదా?" అలా అన్న రెండు విసుర్లలోపు ఆ ఒక్కడికి వేసిన బంతిని అవతలివాళ్లు లాక్కునేవాళ్లు. ఆయన సంతోషించేవాడు కాదు. నాలిక చప్పరించి ఇంకో కాయ తీసుకునేవాడు.

ఒకసారి మా జట్టులోని స్టార్ రిసీవర్ అద్భుతంగా పట్టుకుని ఆ చివరిదాకా పరిగెత్తాడు. నేను సోఫా మీద నుంచి లేచి ఎగిరాను. కింద అపార్ట్‌మెంట్‌వాళ్లు చీపురుకర్రతో సీలింగ్ పొడిచారు. ఆయన లేవలేదు.

"రీప్లే వేస్తాడు, అప్పుడు చూడు," అన్నాడు. రీప్లే వచ్చింది. "ఇదిగో, వీడెందుకు ఖాళీగా ఉన్నాడు? అదిగో అటు ఒకడు ప్రాణం పెట్టి పరిగెత్తాడు. వాణ్ణి నమ్మి ఇద్దరు కాపలావాళ్లు వాడి వెనక పోయారు. వాడలా పరిగెత్తబట్టే వీడు ఖాళీ. రేపు పేపర్లో ఎవడి పేరొస్తుంది?"

"స్టార్‌ది."

"ఆయ్. వాడు మళ్లీ నడుచుకుంటూ వెనక్కి వస్తాడు. మళ్లీ బంతి కదలగానే అంతే పరిగెత్తాలి. ఈసారి రాదులే అని సగంలో ఆగాడో, స్టార్ కూడా దొరికిపోతాడు."

ఈ మాటలన్నీ నేను సోమవారం పొద్దున మేనేజరమ్మకి ఇంగ్లీషులో అమ్మేవాణ్ణి. "మన క్వార్టర్‌బ్యాక్ ఒకే వైపు చూస్తున్నాడు. అవతలి చివరివాడు సాయంత్రమంతా ఓపెన్‌గా ఉన్నాడు," అన్నాను మొదటిసారి. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పింది. "నువ్వు ఆడావా ఎప్పుడైనా?" అని అడిగింది. లేదని వినయంగా నవ్వాను. ఆ నవ్వు మా నాన్న దగ్గర నేర్చుకున్నది, నాసిరకం కందిపప్పు అమ్మేటప్పుడు వాడేవాడు. అప్పటి నుంచి సోమవారం ఆవిడ నా కోసమే ఎదురుచూసేది. సరుకు ఆయనది, కొట్టు నాది. ఆయన రెండు బల్లల అవతలే కూర్చునేవాడు, అన్నీ వినపడేవి. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

ఆఫీసులో ఆయన పని కూడా అటువంటిదే. జనం షాపులకి తిరిగిచ్చేసిన సరుకు లెక్కల ప్రోగ్రాం ఆయనది. అది పాతది, మొండిది. పొద్దున ఆరుకే వచ్చి దాన్ని నడిపించి, తప్పులేరి, శుభ్రం చేసి ఉంచేవాడు. తొమ్మిదింటికి శ్రావణి ఆ లెక్కల మీద రంగురంగుల స్క్రీన్లు కట్టేది. డెమోలో మేనేజరమ్మ ఆ స్క్రీన్లు చూసి ముచ్చటపడేది. శ్రావణి మెరికే, అందులో అనుమానం లేదు. అందుకే ప్రతి పనీ ఆమెకే ఇచ్చేవాణ్ణి. ఆమెకి ఇవ్వనివి నేనే ఉంచుకునేవాణ్ణి.

"అన్నా, అన్నీ నాకే ఇస్తవు. నాకు జ్వరమొస్తే నీ ప్రాజెక్టుకే జ్వరమొస్తది, తెలుసా?" అని ఒకరోజు మొహం మీదే అడిగింది.

"నువ్వయితే తప్పు పోదు కదమ్మా."

"వేరేటోళ్లకు ఇస్తే కదా తప్పు పోతదో లేదో తెలిసేది."

నవ్వేసి, ఇంకో పని ఆమె పేరు మీదే రాశాను. కొట్లో పెరిగినవాడికి ఒక జబ్బుంటుంది. అమ్ముడయ్యే సరుకే కళ్ల ముందు పెడతాడు. వెనక వరసలో ఉన్నది అమ్ముడవదు. అమ్ముడవలేదు కాబట్టి ఇంకా వెనక్కి జరుపుతాడు.

ఆయనే మనుషులకి బంతి వెయ్యాల్సివస్తే ఎలా వేసేవాడో ఒకసారి చూశాను. క్రిస్మస్ ముందు వాళ్ల తెలుగు చర్చిలో విందుంది రమ్మన్నాడు. అద్దె హాలు, మడత కుర్చీలు, ఆదివారం సాయంత్రం. "ప్రార్థనకి కాదు, బిర్యానీకి వచ్చాను," అని గుమ్మంలోనే నిజం చెప్పేశాను. "దేవుడికి తెలుసులే, కూర్చో," అన్నాడు. ఆ రోజు వాక్యాలు ఎవరెవరు చదవాలో చెప్పే పని ఆయనది. గట్టిగా, గంటలా చదివేవాళ్లు ముందు వరసలో నలుగురున్నారు, చేతులు కూడా ఎత్తారు. ఆయన తల వాళ్ల మీదుగా వెనక్కి, ఇంకా వెనక్కి తిరిగింది. చివరి కుర్చీలో ఒక పెద్దావిడ, కూతురి కాన్పుకి ఏలూరు నుంచి వచ్చినావిడ, కొంగు సర్దుకుంటూ కూర్చుని ఉంది.

"అమ్మా, మీరు చదవండి," అన్నాడు.

"నేనా? నేనెక్కడ చదవగలను బాబూ, కళ్లజోడు కూడా..."

తన కళ్లజోడు తీసి వరస వెంట పంపించాడు. అది చేతులు మారుతూ ఆవిడ దాకా వెళ్లింది. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. నాలుగు వరసల కోసం ఎంతసేపు పట్టిందో! వెనక బిర్యానీ మూతలు తీసిన వాసన వస్తోంది. నేను కుర్చీలో కదిలాను. అందరూ కదిలారు. ఆయన మాత్రం కళ్లజోడు లేని కళ్లతో ఆవిడ వైపే చూస్తూ, "మాకేం తొందర లేదమ్మా," అన్నాడు.

భోజనాల దగ్గర దెప్పాను. "ఆ ముందువాడైతే అర నిమిషంలో అయిపోయేది అన్నయ్యా."

"జారవిడుస్తుందని వెయ్యకపోతే, పట్టగలదో లేదో ఎప్పుడు తెలుస్తుంది?" అన్నాడు, నా ప్లేటులో ఇంకో ముక్క వేస్తూ. శ్రావణి అన్న మాటే. ఇద్దరూ చెప్పారు. బిర్యానీ బాగుంది.

రెండో ఏడాది సెప్టెంబర్‌లో, ఒక శనివారం, ఆయన మొదటిసారి నన్నొకటి అడిగాడు. ఆయన కూతురు ఆ రోజు వెంట వచ్చింది, పన్నెండో గ్రేడు. "అంకుల్, మా నాన్న బాల్ చూడడు, యూ నో? ఎంప్టీ గ్రాస్ చూస్తాడు," అని ఆటపట్టించి, మా పిల్లలతో ఆడటానికి లోపలికి వెళ్లింది. ఆ పిల్ల వెళ్లేదాకా ఆగి మొదలుపెట్టాడు.

"దీని స్కూలు మే నెలలో అయిపోతుంది. అప్పటిదాకా నేను ఈ ఊళ్లో ఉద్యోగంలో ఉంటే చాలు తమ్ముడూ. నాలుగు స్కూళ్లు మారింది ఇప్పటికి. ప్రతిచోటా కొత్త పిల్లలా కూర్చుంది. ఈ ఒక్క ఏడాది మొదలుపెట్టిన చోటే పూర్తి చేయిస్తానని మాటిచ్చాను."

"మీకేం అన్నయ్యా, మీ పని మీకుంది కదా."

"ఈసారి టీం తగ్గిస్తారని వింటున్నాను. మేనేజరమ్మకి నేనెవరో తెలీదు. నా గొంతు కూడా వినలేదావిడ." ఒక కాయ ఒలిచాడు. "అక్టోబర్‌లో రిటర్న్స్ డెమో ఉంది కదా. అది నాకు వెయ్యి. ఒక్కటి."

"అదెంత పని అన్నయ్యా, మీదే అది," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఇది లెక్కలో రాసుకోండి.

డెమో రోజు ఆయన టై కట్టుకుని వచ్చాడు. టీం అంతా చూసి ఈల వేసింది. "అన్నా, పెళ్లికొడుకు లెక్కున్నవ్," అంది శ్రావణి. గదిలో మేనేజరమ్మ, ఆవిడ పక్కన ఆవిడ పైవాడు, పెద్దాయన. మొదటి పది నిమిషాలు మావాడు నెమ్మదిగా, తడబడకుండా చెప్పుకుపోయాడు. మేనేజరమ్మ నోట్సు రాసుకుంటోంది. నేను కళ్లారా చూశాను, ఆవిడ ఆయన పేరు అడిగి మరీ రాసుకుంది.

అప్పుడు పెద్దాయన ప్రశ్న వేశాడు. "ఒక షాపులో కొన్న వస్తువు ఇంకో షాపులో తిరిగిస్తే, అది ఎవరి లెక్కలోకి వెళ్తుంది?"

మావాడికొక అలవాటుంది. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు కళ్లజోడు తీస్తాడు, చొక్కా అంచుతో తుడుస్తాడు, మళ్లీ పెట్టుకుంటాడు, అప్పుడు చెప్తాడు. ఇంట్లో వందసార్లు చూశాను. మూడు సెకన్లు పడుతుంది, అంతకన్నా పట్టదు. కళ్లజోడు తీశాడు. పెద్దాయన పెన్ను బల్ల మీద ఒకసారి కొట్టాడు. ఆ పెన్ను రెండోసారి లేచేలోపు నా నోరు లేచింది.

"మొదట కొన్న షాపు లెక్కలోకే సార్," అన్నాను.

పెద్దాయన తలూపాడు. మేనేజరమ్మ నా వైపు చూసి నవ్వింది. తర్వాత ప్రశ్న నన్నే అడిగారు. ఆ తర్వాతది కూడా. మావాడు కళ్లజోడు పెట్టుకున్నాడు. తెర పక్కన నిలబడి, డెమో అయ్యేదాకా నేను చెప్పినదానికి తగ్గట్టు పేజీలు తిప్పాడు.

నా జవాబు తప్పు. అది తిరిగిచ్చిన షాపులోనే ఉంటుంది, చూసి పరీక్షించేదాకా ఎవరి లెక్కలోకీ వెళ్లదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ ప్రోగ్రాం రోజూ నడిపేది ఆయనే.

పార్కింగ్‌లో కారు దగ్గర పట్టుకున్నాను.

"అన్నయ్యా, ఏదో... నోట్లోంచి వచ్చేసింది. మీరు ఆగారు కదా అని."

"ఆగలేదు తమ్ముడూ. తిరుగుతున్నాను." టై వదులు చేసుకున్నాడు. "రిసీవర్ తిరగకముందే బంతి వేసెయ్యాలి. వాడు తిరిగేసరికి బంతి అక్కడ ఉండాలి. తిరిగాక చూసి వేద్దామంటే ఆలస్యమైపోతుంది." అని, "నీ జవాబు తప్పు. రేపు మెయిల్‌లో సరిచేసి నీ పేరు మీదే పంపించు. నేను రాసిస్తాను," అన్నాడు.

రాసిచ్చాడు. నా పేరు మీదే పంపించాను. మేనేజరమ్మ మెచ్చుకుంటూ జవాబిచ్చింది.

నవంబర్‌లో ఆవిడ నన్ను గదిలోకి పిలిచింది. ఎనిమిదిలో ఇద్దర్ని తగ్గించాలి. కాగితం మీద పేర్లున్నాయి. ఒక పేరు దగ్గర పెన్ను ఆగింది. "ఈయన డెమోలో మొదలుపెట్టాడు కదా, తర్వాత ఏమైంది? ఈయన ఏం చేస్తాడు?"

నోరంతా మాటలే ఉన్నవాణ్ణి. టీవీ అంచున ఉన్న నల్లపట్టీ మీద నలభై నిమిషాలు మాట్లాడినవాణ్ణి. ఆ రోజు ఆయన కోసం నలభై సెకన్లు మాట్లాడితే సరిపోయేది. పొద్దున ఆరింటి సంగతి చెప్పొచ్చు. ఆ మెయిల్ ఎవరు రాశారో చెప్పొచ్చు. సోమవారం కబుర్లు ఎవరివో చెప్పొచ్చు. చెబితే నా కొట్లో సరుకు నాది కాదని తేలిపోతుంది. ఆయన ఉంటే ఇంకెవరు పోతారు, ఆ ఇంకెవరు నేనైతే?

"మంచి మనిషి," అన్నాను.

సరుకు గురించి చెప్పడానికేమీ లేనప్పుడు దుకాణదారు అనే మాట అది. ఆవిడకి ఇంగ్లీషులో కూడా అర్థమైంది. పేరు కొట్టేసింది.

కబురు నేనే చెప్పాలి, శుక్రవారం చెప్పాను. మర్నాడు రాడనుకున్నాను. సరిగ్గా వేళకి వేరుశనక్కాయల పొట్లంతో వచ్చాడు. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ మొహం తిప్పుకుంది, ఆమెకి నేను చెప్పానుగా. ఆయన మాత్రం ఆట చూశాడు. హెల్మెట్ చూశాడు. "ఒకటి... రెండు..." లెక్కపెట్టాడు. చాలాసేపటికి, టీవీ వైపు చూస్తూనే అడిగాడు.

"ఆవిడ నా గురించి అడిగిందా?"

"అడిగింది అన్నయ్యా."

"ఏమన్నావు?"

"మంచి మనిషన్నాను."

కాయ చిట్లింది. రెండు గింజలు అరచేతిలో పడ్డాయి. ఒకటి నాకిచ్చాడు. "ఆయ్. అదీ నిజమేలే," అన్నాడు. ఆ రోజు మునివేళ్ల మీద లేవలేదు.

ఉద్యోగం పోతే వీసా మీద ఉన్నవాళ్లకి అరవై రోజులు గడువు. యాభై మూడో రోజున ఇర్వింగ్‌లో దొరికింది, చిన్న కాంట్రాక్టు, చేసే పనికన్నా రెండు మెట్లు తక్కువ. ఇంటిల్లిపాదీ కదల్లేదు. కూతురికి ఇచ్చిన మాట ఉంది కదా. ఆయనొక్కడే వెళ్లాడు. శుక్రవారం ఆఫీసు అయ్యాక అక్కడ కారెక్కితే ఇక్కడికి అయిదున్నర గంటలు. ఆదివారం చర్చి అయ్యాక తిరిగి అయిదున్నర గంటలు. మే దాకా అలాగే డ్రైవ్ చేశాడు. ఆ పిల్ల మొదలుపెట్టిన స్కూల్లోనే పూర్తి చేసింది. గ్రాడ్యుయేషన్ ఫొటో నాకూ పంపించాడు. అందులో ఆయన బాగా చిక్కిపోయాడు, నవ్వు మాత్రం పెద్దది. బొటనవేలు బొమ్మ ఒకటి జవాబు పెట్టాను. తర్వాత ఆయనకి ఫోన్ చెయ్యాలని ప్రతి సెప్టెంబర్‌లో అనుకున్నాను. రెండు సెప్టెంబర్‌లు అనుకున్నాను.

మెసేజ్ వచ్చాక శ్రావణికి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో లీడ్.

"నీ తప్పని అనుకుంటున్నవా అన్నా?" అంది.

"ఆయన గుండె నా లెక్కలోకి రాదు శ్రావణీ. అంత గొప్పవాణ్ణేం కాదు నేను."

"మరి నీ లెక్కల ఏమొస్తది?"

ఆమె ఫోన్ పెట్టేశాక ల్యాప్‌టాప్ తెరిచాను. పాత క్యాలెండర్ ఇంకా ఉంది. కూర్చుని ఒక్కొక్క మీటింగూ తీశాను, ఎవరు మాట్లాడారో గుర్తు తెచ్చుకున్నాను. అలసటగా ఉంది, అయినా మధ్యలో ఆపలేదు. లెక్క కట్టడం ఒక్కటే నాకు సరిగ్గా వచ్చిన పని.

ఆయన మా టీంలో ఉన్నది పద్నాలుగు నెలలు. మేనేజరమ్మ ముందు నోరు విప్పే అవకాశాలు, డెమోలూ మీటింగులూ అన్నీ కలిపి, నలభై ఒకటి. నేను ఉంచుకున్నవి ఇరవై రెండు. శ్రావణికి వేసినవి పదిహేను. మిగతా అయిదుగురికీ కలిపి మూడు. ఆయనకి వేసింది ఒకటి. అది గాలిలో ఉండగానే నేను లాక్కున్నాను కాబట్టి, న్యాయంగా దాన్ని కూడా నా కిందే రాయాలి. నావి ఇరవై మూడు, ఆయనవి సున్నా.

ఆయన చేతిలోంచి జారినవి లేవు. జారడానికి ఒక్కటీ చేతిదాకా రాలేదు.